బ్రేకుల్లో గాలి

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ గ్యాసక్క అంటారు. ఫ్రిజ్‌లకి గ్యాసు నింపుతుంది కాబట్టి ఆ పేరు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, ఈవిడ బాగా కోతలు కోస్తుంది కాబోలు అనుకుంటారు. పనికి పిలిచాక తెలుస్తుంది, ఆవిడ నోట్లోంచి మాట రావడమే గగనమని. ఫ్రిజ్ వెనక గొంతుక్కూర్చుంటుంది. చెవి ఆనించి కాసేపు వింటుంది. "మోటారు బాగానే ఉంది. పైపు కారుతోంది" అంటుంది. మిగతాది చేతులు చూసుకుంటాయి.

ఇంటి ముందుగదే దుకాణం. తలుపులు ఊడదీసిన ఫ్రిజ్‌లు గోడవారన నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంటాయి. రాగి గొట్టాలు చుట్టలు చుట్టలుగా మేకులకి వేలాడుతుంటాయి. ఈ పని ఆవిడకి తండ్రి నుంచి వచ్చింది. ఆయన నేర్పినవాటిలో మొదటిది పానా పట్టుకోవడం కాదు, నోరు తెరవడం. గొట్టంలో ఒత్తిడి ఉన్నప్పుడు నట్టు కదిలితే, కదిలిందని పైకి చెప్పాలి. పక్కనున్నవాళ్లు మొహం తిప్పుకుంటారు. ఎవరో చెప్పకుండా తిప్పినందుకు ఒకసారి గ్యాసు తన్నుకొచ్చి ఆయన మణికట్టు మీద తోలు ఊడింది. అందుకని, మామూలుగా నోరు మెదపని మనిషి, పానా చేతికొస్తే మాత్రం ప్రతి కదలికా పైకి చెబుతుంది. గదిలో ఒక్కతే ఉన్నా చెబుతుంది. ఎవరైనా వింటే నట్లతో కబుర్లాడుతోందనుకుంటారు.

ఆవిడ అత్తగారు డ్రైవింగ్ టీచరమ్మ. కోడలు మాట్లాడనిదంతా కలిపి ఆవిడే మాట్లాడుతుంది. చుట్టుపక్కల కారు నడిపేవాళ్లలో సగంమంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్లే. "తొక్కు, పట్టు, నెమ్మదిగా వదులు" అని ఆవిడ వల్లించగా వల్లించగా వాళ్ల కాళ్లకి క్లచ్ తెలిసింది. పళ్ల డాక్టరైనా, ట్రాఫిక్ పోలీసైనా ఆవిడకి నువ్వే. స్టీరింగు ముందు కూర్చున్నవాళ్లకి మర్యాదలుండవని ఆవిడ సిద్ధాంతం. డ్రైవింగు స్కూలు మూసేశాక బోర్డు దింపేసింది గాని కారు ఉంచుకుంది. పాత కాలపు బండి. నేర్పేవాళ్ల కోసం పక్క సీటు ముందు అమర్చిన రెండో బ్రేకు పెడల్ ఇంకా అలాగే ఉంది. పొద్దున్నే దాన్ని తుడిచి, వీధి చివరిదాకా ఓసారి తిప్పుకొస్తేనే ఆవిడకి తెల్లవారినట్టు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు కాలు విరగ్గొట్టుకున్నా ముందు మోగేది ఆ ఇంటి గంటే.

ఆ కారు ఒకరోజు ఏటవాలు సందు దిగుతూ ఆగలేదు.

కింద ఇల్లు కడుతున్నారు. దాని ముందు ఇసక పోసి ఉంది. కారు ఆ ఇసకలోకి మూతి దూర్చి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక లైటు పగిలింది, అంతే. అత్తగారు తనంతట తనే తలుపు తీసుకుని దిగి, చీరకంటిన ఇసక దులుపుకుని, ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. వచ్చి కుర్చీలో కూలబడింది.

"బ్రేకు తొక్కాను. కిందికి పోయింది" అంది కొడుకుతో.

కొడుకు ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. ఎక్కడ ఏ బండి ఏ స్తంభాన్ని గుద్దినా ఆ కాగితాలు ఆయన బల్లమీదికి వస్తాయి. అన్నీ చదివి చదివి ఆయనకి ఒకే ఒక్క నమ్మకం మిగిలింది. ప్రమాదమంటే మనిషి తప్పు.

"కిందికి పోయింది బ్రేకు కాదమ్మా. క్లచ్. నువ్వు కంగారులో క్లచ్ తొక్కావు."

"నాకు క్లచ్చేదో బ్రేకేదో తెలీదా?"

"నీకు తెలుసు. కాలికి తెలియొద్దూ? ఇన్నేళ్లూ పక్క సీట్లో కూర్చుని అక్కడి బ్రేకు తొక్కావు. ఇప్పుడు ఈ సీట్లోకొచ్చి తొక్కమంటే కాలు తడబడుతుంది. వయసు కూడా వచ్చింది కదా."

"నీకు రాలేదా వయసు? చెవుల మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి."

"చూడమ్మా, నాకు నువ్వు కావాలి. కారు లేకపోయినా ఫరవాలేదు. ఆదివారం తుక్కు షాపతన్ని రమ్మన్నాను."

ఆవిడ దానికి ఏదో ఒకటి అంటుందని కోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. ఆవిడ కారు తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. భర్త మనసు కూడా కోడలికి తెలుసు. ఇసకలో కూరుకున్న కారుని చూసొచ్చినప్పట్నుంచి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. భయపడ్డ మనిషితో వాదన తెగదు.

మర్నాడు కారుని లాక్కొచ్చి పెరట్లో రేకుల కింద పెట్టారు. అత్తగారు వరండాలో కూర్చుని ఉంది. చేతిలో పేపరుంది, చదవడం లేదు. కోడలు టీ ఇవ్వడానికి వెళ్లి ఆవిడ పాదాల వైపు చూసింది. ఆవిడ కుడికాలితో నేలని నొక్కుతోంది. వదిలి, ఎడమకాలితో నొక్కుతోంది. మళ్లీ కుడి. ఏది ఏ కాలో సరిచూసుకుంటోంది.

కోడలు టీ అక్కడ పెట్టి, దుకాణంలోకి పోయి టార్చి తీసుకుని కారు కిందికి దూరింది.

కారు కింద లోకం ఆవిడకి కొత్తే గాని గొట్టాలు కొత్తకాదు. గొట్టం ఎక్కడ మొదలైందో పట్టుకుంటే ఎక్కడికి పోతుందో అదే చూపిస్తుంది. ముందునుంచి సన్నటి ఇనప పైపు ఒకటి బండి పొట్ట వెంబడి వెనక చక్రాల దాకా పోతోంది. పెట్రోలు ట్యాంకు దాటాక ఒకచోట దాన్ని బిళ్లతో బిగించారు. ఆ బిళ్ల చుట్టూ ఎన్ని వానాకాలాల బురదో గడ్డకట్టి ఉంది. వేలితో గీకితే బురద రాలింది. దాంతోపాటు తుప్పు పొరలు పొరలుగా రాలింది. వేలు తడిసింది. పెట్రోలు వాసన కాదు. జిడ్డుగా, కాస్త తియ్యవాసనగా ఉంది. తడి పాకినంతమేరా రంగు పొక్కులు లేచింది.

బయటికొచ్చి అత్తగారి ముందు వేలు చాపింది.

"ఏంటది?"

"బ్రేకు ఆయిలు. పైపు చివికి చిల్లు పడింది. మీరు తొక్కింది బ్రేకే అత్తయ్యా."

అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఆ వేలు పట్టుకుని వాసన చూసింది. చాలాసేపు వదల్లేదు.

"వాడికి చూపించు" అంది.

సాయంత్రం భర్త కూడా వాసన చూశాడు. ప్యాంటు మోకాళ్లకి మట్టి అంటకుండా వంగి కారు కిందికి కూడా చూశాడు. తర్వాత ఆఫీసు మనిషయ్యాడు.

"చిల్లుంది, ఒప్పుకుంటా. కానీ అది గుద్దకముందు పడిందా, గుద్దిన అదురుకి పడిందా?"

"గుద్దింది ముందుభాగం. ఇది వెనక."

"అదురు ఎంతదూరమైనా పోతుంది."

"అంత తుప్పు ఒక్కరోజులో పట్టదండీ."

ఆయన ఆలోచించాడు. "సరే. బాగుచేసి చూపించు. పైపు మార్చాక, అమ్మ తొక్కితే పెడల్ గట్టిగా నిలబడాలి. నిలబడితే తుక్కతన్ని నేనే వెనక్కి పంపిస్తా. లేకపోతే మాత్రం నన్నేమీ అనొద్దు, ఇద్దరూ."

"అంటే నా కాలికి పరీక్ష పెడుతున్నావన్నమాట" అంది అత్తగారు.

"బండికమ్మా."

"నాకు తెలుసులే ఎవరికో."

బ్రేకుల మేస్త్రి షెడ్డు నాలుగు వీధుల అవతల ఉంది. ఆయన ఇంట్లో ఫ్రిజ్ బాగుచేసింది గ్యాసక్కే. కొత్త ఇనప పైపు, దాని నట్లు, ఆయిలు సీసా అన్నీ బల్లమీద పెట్టాడు.

"మీ దగ్గర రాగి గొట్టాలున్నాయి కదా అని వాటితో కానిచ్చేయకండి. అది మెత్తన. బ్రేకు ఒత్తిడికి ఆగదు."

"తెలుసు."

"కొస కూడా మీ ఫ్రిజ్‌లకి చేసినట్టు పువ్వులా విప్పితే చాలదు. విప్పి, ఆ అంచుని మళ్లీ లోపలికి మడవాలి. రెండు పొరలుండాలి. ఇదిగో, నా పరికరం పట్టుకెళ్లండి. సోమవారం ఇవ్వండి చాలు." తర్వాత నవ్వు ఆపుకుంటూ, "గాలి తియ్యడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్, అదే గాలి తీసే చిన్న నట్టు, విప్పాలి. మీకు ఎవరున్నారు?" అన్నాడు.

"మా అత్తగారు."

"అత్తాకోడళ్లా. అయితే నేనేం నేర్పక్కర్లేదు. ఒకరి గాలి ఒకరు తియ్యడం మీకు వచ్చే ఉంటుంది."

శనివారం పొద్దున్న దుకాణం తలుపు సగం మూసి పని మొదలుపెట్టింది. జాకీ మీద లేపి, కింద మొద్దులు పెట్టి, బండిని రెండు చేతులతో ఊపి చూసి, అప్పుడు కిందికి దూరింది. పాత నట్లు తుప్పుతో పైపుని కరుచుకుపోయాయి. నూనె వేసి నానబెట్టింది. అప్పటికీ కదలకపోతే పైపునే కోసేసి, నట్టు మొత్తాన్ని చుట్టుకునే పానా తొడిగి తిప్పింది. తిరిగినప్పుడు కిర్రుమంది. "వచ్చింది" అని ఎవరికీ కాకుండా చెప్పింది.

పాత పైపుని నేలమీద పెట్టి, దాని వంపులన్నీ చూసుకుంటూ కొత్తదాన్ని వంచింది. వంచడం ఆవిడకి అన్నం కలుపుకున్నంత తేలిక. కొస విప్పి, అంచు లోపలికి మడిచింది. గోరుతో తడిమి చూసుకుంది. రెండో కొస కూడా చేసింది. నున్నగా, ఒక్క గీత లేకుండా వచ్చాయి. ఎత్తి వెలుతురులో పెట్టి చూసి ముచ్చటపడింది. అప్పుడు కనపడ్డాయి, బల్లమీద రెండు నట్లు. కొసలు చెయ్యకముందే తొడగాల్సినవి. ఇప్పుడు ఏ వైపు నుంచీ ఎక్కవు.

వరండాలోంచి అత్తగారు అంతా చూస్తూనే ఉంది.

"చెయ్యి వాచాక గాజులు ఎక్కిస్తావా అమ్మాయ్?"

కోడలు తలెత్తకుండా పైపు కొస కోసేసింది. అత్తగారు నవ్వడం ఆపలేకపోయింది. ఇసకలోంచి నడిచొచ్చిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. కోడలికి ఆ పైపు ముక్క పోయినందుకు బాధ కలగలేదు.

మధ్యాహ్నానికి పైపు ఎక్కింది. బిళ్లలన్నీ బిగిశాయి. పాత ఆయిలు తీసేసి కొత్తది పోసింది. ఇక గాలి తియ్యడమే మిగిలింది. పైపులో ఆయిలు మాత్రమే ఉంటే, పెడల్ మీద పడ్డ బరువు పడ్డట్టే చక్రానికి చేరుతుంది. మధ్యలో గాలి చేరిందంటే ఆ బరువంతా అదే మింగుతుంది. అందుకని పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు చక్రం దగ్గర నిపుల్ విప్పాలి. ఆయిలుతోపాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నిపుల్ మళ్లీ బిగించాకే పెడల్ మీంచి కాలు తియ్యాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని.

అత్తగారు స్టీరింగు ముందు కూర్చుంది. కోడలు వెనక చక్రం పక్కన నేలమీద వెల్లకిలా పడుకుంది. నిపుల్‌కి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్లో ముంచింది. కోడలికి అత్తగారి కాలు కనపడదు. అత్తగారికి కోడలి చెయ్యి కనపడదు. ఇద్దరికీ మధ్య ఉన్నది మాటే.

"తొక్కండి."

"తొక్కా."

"పట్టుకోండి."

"పట్టుకున్నా."

"వదులు." సీసాలో బుడగలు లేచాయి. "బిగువు. ఇక వదలండి."

మళ్లీ తొక్కండి, మళ్లీ పట్టుకోండి. బుడగలు వచ్చాయి. మొదట్లో రావడం మంచిదే. వస్తూనే ఉన్నాయి. సీసా నిండింది. బానెట్ కింది డబ్బాలో మళ్లీ ఆయిలు పోసింది. బుడగలు తగ్గలేదు. తను బిగించిన కీళ్లన్నీ ఒక్కొక్కటీ కాగితంతో ఒత్తి చూసింది. ఎక్కడా తడి లేదు. గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టలేదు. ఫ్రిజ్ అయితే చెవి పెట్టి వినేది. దీనికి చెవి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

సాయంత్రం భర్త వచ్చి, కారులోకి వంగి, పెడల్‌ని చేత్తోనే నొక్కాడు. అది పరుపులా దిగిపోయింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయాడు. ఏదైనా అనుంటేనే బాగుండేది.

అత్తగారు సీట్లోంచి లేవలేదు.

"నేనొకటి చెప్తా, నువ్వేమీ అనుకోకు" అంది నెమ్మదిగా. "నా కాలికే పట్టు పోయిందేమో. తొక్కి పట్టుకుంటున్నాననే అనుకుంటున్నా. కానీ లోపల జారిపోతున్నట్టుంది. వాడు చెప్పిందే నిజమేమో. రేపు ఎవరినైనా పిలిచి తొక్కించు."

కోడలు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయింది. ఎవరినైనా పిలవొచ్చు. పక్కింటాయన్ని పిలిస్తే వస్తాడు. అప్పుడు బ్రేకు బాగవుతుంది, ఈవిడ కాలు మీద నింద మాత్రం అలాగే ఉండిపోతుంది.

"మీరే తొక్కాలి" అంది.

"ఎందుకంత పట్టు?"

"మీరే తొక్కాలి అత్తయ్యా."

ఆదివారం టీలు కాగానే ఇద్దరూ ఎవరి చోట్లో వాళ్లు చేరారు. తుక్కు షాపతను పెందరాళే వచ్చాడు. ట్రాలీ గేటు దగ్గర ఆపి, పెరట్లో బోర్లించి ఉన్న ఫ్రిజ్ డొక్కు మీద కూర్చున్నాడు. కారుని చూపులతోనే ముక్కలు చేస్తున్నాడు. ఈ డోరు ఇటు, ఆ డిక్కీ అటు.

"కాస్త ఆగాలి" అంది కోడలు, నేలమీద పడుకుంటూ.

"ఆగుతానమ్మా. ఇనుము ఎక్కడికి పోతుంది."

"తొక్కండి."

"తొక్కా."

"పట్టుకోండి."

"ఊఁ."

"వదులు." బుడగలు. "బిగువు. వదలండి."

పైనుంచి అత్తగారి గొంతు వినపడింది. అరిచినట్టు లేదు, మామూలుగానూ లేదు.

"నిన్నట్నుంచి అడుగుదామనుకుంటున్నా. అడగనా?"

"అడగండి."

"నిన్ను నేనేమైనా అన్నానా? ఆ గాజుల మాటకి నొచ్చుకున్నావా?"

"లేదే."

"మరి ఏకవచనం దేనికి?"

కోడలు కారు కిందనుంచి తల బయటికి పెట్టింది. "ఏ ఏకవచనం?"

"తొక్కండి అంటావు. పట్టుకోండి అంటావు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. వదలాల్సొచ్చేసరికి 'వదులు' అంటావు. పనిమనిషిని కూడా మనం అలా అనం. తర్వాత నాలిక కరుచుకుని 'వదలండి' అని దిద్దుకుంటావు. పోనీలే, పాపం మట్టిలో పడుకుని ఉంది, మర్యాదలు చూసుకునే స్థితిలో లేదు అని ఊరుకున్నా. కానీ ప్రతిసారీనా?"

కోడలు మోచేతుల మీద పాకుతూ పూర్తిగా బయటికొచ్చింది. మట్టిలోనే కూర్చుంది.

"నేను 'వదులు' అన్నప్పుడు మీరేం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను? వదులుతున్నా."

"కాలెత్తేస్తున్నారా?"

"వదులు అంటే ఎత్తక ముద్దుపెట్టుకుంటారా పెడల్‌ని? నా జన్మంతా అదే కదా చెప్పుకుంటూ వచ్చా."

"అత్తయ్యా, అది మిమ్మల్ని కాదు. నట్టుని."

"నట్టుని నువ్వనడమేమిటి?"

"నట్టు వదులైందని చెప్తున్నా. వదులు, బిగువు. విప్పితే వదులు, కడితే బిగువు. మా నాన్న అలవాటు చేశాడు. మిమ్మల్ని వదలమనాలంటే వదలండి అంటాను కదా. ఇన్నేళ్లలో ఎప్పుడైనా మిమ్మల్ని నువ్వు అన్నానా నేను?"

"అదే కదా నా బాధ. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేమొచ్చింది దీనికి అని రాత్రి నిద్ర పట్టలేదు."

కోడలికి బుడగలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు కళ్లకి కట్టినట్టు కనపడింది. నిపుల్ విప్పి ఉండగానే పైన కాలు లేచింది. కాలు లేస్తే పైపు ఊపిరి పీల్చినట్టు వెనక్కి లాక్కుంటుంది. వదులైన నిపుల్ మరచుట్ల సందుల్లోంచి గాలి లోపలికి పోయింది. నిన్న మధ్యాహ్నం నుంచి తామిద్దరూ గాలి తియ్యడం లేదు. పద్ధతిగా, ఓపిగ్గా, ఒకరి మాట ఒకరు వింటూ, ఎక్కిస్తున్నారు.

ఆవిడకి నవ్వొచ్చింది. మితంగా మాట్లాడే మనిషి నవ్వు కూడా మితంగానే ఉంటుంది. ఈసారి ఆగలేదు. మట్టి చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. తుక్కు షాపతను ఫ్రిజ్ డొక్కు మీంచి లేచి, ఏమైందో అని తొంగి చూశాడు.

అత్తగారు నవ్వలేదు. కారు తలుపు తీసుకుని, రెండు పాదాలూ బయటికి పెట్టి, వాటి వైపు చూస్తూ కూర్చుంది.

"అంటే నా కాలు..."

"మీ కాలు చెప్పింది చెప్పినట్టు చేసింది. నా నోట్లో మాట పూర్తికాకముందే లేచిపోయింది. అంత చురుకైన కాలు ఈ వీధిలో ఇంకొకటి లేదు."

అత్తగారు నడుం నిటారుగా చేసింది. సీట్లోకి తిరిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అద్దం తన ఎత్తుకి సరిచేసుకుంది. బ్రేకుల గాలి తియ్యడానికి అద్దంతో పనిలేదు. అయినా సరిచేసుకుంది.

"నట్టుకి వేరే మాట పెట్టు" అంది, పాత టీచరమ్మ గొంతుతో. "విప్పితే 'తీశా' అను. బిగిస్తే 'వేశా' అను. నేను మాత్రం 'అండి' చెవిన పడితేగాని కాలెత్తను. ఊరు మునిగినా ఎత్తను. ఏడీ వాడు? పిలువు."

భర్త చేతిలో పేపరుతో వచ్చాడు. జరిగింది తల్లి చెప్పింది. ఆయన ఒకసారి పెళ్లాం వైపు, ఒకసారి తల్లి వైపు చూశాడు. ఏ క్లెయిము కాగితంలోనూ ఇలాంటిది చదివిన గుర్తు లేనట్టుంది ఆయన మొహం.

"ఆ ఆయిలు సీసా పట్టుకుని బానెట్ దగ్గర నిలబడు" అంది తల్లి. "డబ్బాలో ఆయిలు తగ్గుతుంటే పోస్తూ ఉండు. ఖాళీ అయిందంటే మళ్లీ గాలి దూరుతుంది. అప్పుడది మనిషి తప్పే. ఏ మనిషో కూడా తెలుస్తుంది."

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని సీసా అందుకున్నాడు.

"తొక్కండి."

"తొక్కా."

"పట్టుకోండి."

"పట్టుకున్నా."

"తీశా." బుడగలు గుప్పున వచ్చాయి. "వేశా. వదలండి."

"వదిలా."

రెండోసారి బుడగలు పెద్దవి. తర్వాత చిన్నవి. తర్వాత ఆవగింజలంత. తర్వాత గొట్టంలో ఆయిలు తేనెలా, మచ్చలేకుండా, అడ్డులేకుండా జారింది. కోడలు దాని వైపు చూస్తూ ఉండిపోయింది. పక్క చక్రానికి వెళ్లింది. అది కాగానే ముందువి. వాళ్ల మాటలకి ఒక నడక వచ్చింది. తొక్కా, తీశా, వేశా, వదిలా. భర్త డబ్బా మీంచి కళ్లు తీయకుండా ఆయిలు పోస్తున్నాడు. తుక్కు షాపతను ఎవరూ చెప్పకుండానే పాత సీసా పారబోసి, తుడిచి, ఖాళీది తెచ్చి అందిస్తున్నాడు.

చివరి నిపుల్ బిగించి కోడలు లేచి నిలబడింది. "తొక్కండి" అంది. ఈసారి ఊరికే, చూడటానికి.

అత్తగారు తొక్కింది. పెడల్ కాస్త దిగి ఆగిపోయింది. ఆవిడ ఇంకా బలంగా తొక్కింది. వీపు సీటుకి ఆనింది. పెడల్ ఆగినచోటే ఉంది. కాలు తియ్యకుండా, ఎంతసేపైనా ఇలాగే ఉంటానన్నట్టు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోడలు కారు చుట్టూ తిరిగి ప్రతి కీలునీ కాగితంతో ఒత్తింది. కాగితం పొడిగానే వచ్చింది.

"నువ్వు తొక్కు" అంది తల్లి, దిగి.

కొడుకు కూర్చుని తొక్కాడు. మళ్లీ తొక్కాడు. దిగి, నేలమీద పడి ఉన్న పాత పైపు తీసుకుని, చిల్లు ఉన్నచోట వేలు పెట్టి చూశాడు. కొత్త పైపు ఎక్కాకగాని పాతదాని చిల్లు మీద నమ్మకం కుదరనట్టుంది.

"మనిషి తప్పు కాదు" అన్నాడు. ఆఫీసులో ముద్రవేసే గొంతు అది. తర్వాత ఇంట్లో గొంతుతో, "తప్పు నాదమ్మా" అన్నాడు.

"అదీ మనిషి తప్పే" అంది తల్లి. "ఎక్కు."

తుక్కు షాపతను గొంతు సవరించుకున్నాడు. "నా సంగతేంటమ్మా? ఇంతదూరం వచ్చా. పోనీ ఆ పైపైనా ఇప్పించండి."

కొడుకు ఆ పైపుని ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ట్రాలీలో, ఏదో పెద్ద సామానులా, జాగ్రత్తగా పడుకోబెట్టాడు. కానీ వెళ్లిపోలేదు. గేటు బార్లా తీసి, కారు బయటికి రావడానికి దారి చూపిస్తూ చేతులూపాడు.

కారు వీధిలోకి వచ్చింది. రెండు ఇళ్లు దాటాక అత్తగారు ఆపింది. ఇంకో రెండు ఇళ్లు దాటాక మళ్లీ ఆపింది. ఆగమన్నచోట ఆగింది. వెనక సీట్లో కోడలు, చేతులకి ఆయిలు ఉండటంతో దేనికీ ఆనకుండా, రెండు అరచేతులూ పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చక్రాల దగ్గర్నుంచి ఏ చప్పుడైనా వస్తుందేమోనని వింటోంది. ఏ చప్పుడూ లేదు.

ఏటవాలు సందు మొదట్లో ఆవిడ కారు ఆపి పక్కకి తిరిగింది.

"నీ కాళ్ల దగ్గర ఏముంది?"

"రెండో బ్రేకు."

"దాని మీద కాలు పెడతావా?"

"పెట్టను."

"నీ మీద నమ్మకం లేదు. కాళ్లు పైన పెట్టుకో."

కొడుకు బూట్లు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ మనిషి అలా కూర్చోవడం కోడలు పెళ్లయ్యాక చూడలేదు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వేళ్లు మోకాళ్లని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

కారు దిగడం మొదలుపెట్టింది. ఇసక ఇప్పుడు లేదు, ఆ ఇంటికి గోడలు లేచాయి. గోడ మీద తాపీమేస్త్రి కారుని చూడగానే గుర్తుపట్టాడు. కింద మనిషిని పక్కకి జరగమని సైగ చేశాడు. అత్తగారు అది చూసింది. కారుని ఇంకాస్త వేగం అందుకోనిచ్చింది. కొడుకు కళ్లు మూసుకున్నాడు. కోడలు మూసుకోలేదు. ముందు సీటు సందులోంచి ఆవిడ కుడికాలి వైపే చూస్తోంది.

కాలు కదిలింది. తొందరపడలేదు, తడుముకోలేదు. పెడల్ ఉన్నచోటికి వెళ్లి దాని మీద కూర్చుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి. కారు వాలు మధ్యలో, ఎక్కడ ఆపాలనుకుందో అక్కడ, మేకు కొట్టినట్టు నిలబడింది.

తాపీమేస్త్రి చేతిలో తాపీ అలాగే పట్టుకుని చూశాడు. ఆవిడ కిటికీ అద్దం దించి తల బయటికి పెట్టింది.

"ఏం బాబూ, అతన్ని జరగమన్నావేం? నీ పని నువ్వు చేసుకో."

ఆయన నవ్వి తల ఊపాడు. కొడుకు కళ్లు తెరిచాడు. ముందు అద్దంలోంచి చూశాడు, తర్వాత తల్లి కాలు వైపు చూశాడు. మెల్లిగా, మోకాళ్ల మీది వేళ్లు వదులయ్యాయి.

"అమ్మా, పైకెళ్లి ఇంకోసారి దిగుదామా?"

"ఎందుకు? ఇంకా నమ్మకం కుదర్లేదా?"

"కుదిరింది. సరదాగా ఉంది."

అత్తగారు అద్దంలో కోడలి వైపు చూసింది. కోడలు సరేనన్నట్టు తలూపింది. ఆవిడ వెనక గేరు వేసింది. కారు, తల నిటారుగా పెట్టుకున్న ముగ్గురితో, వెనక్కి వెనక్కి నడుస్తూ వాలు ఎక్కింది.